పాడని పెట్టె

ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ మూత దించి, దాని మీదే చెయ్యి ఉంచి, ఇక గంటసేపు తను చేసేదేమీ లేదని రూత్ అనుకుంది. లోపల అరచేతిలో ఇమిడే అల్యూమినియం పెట్టె ఒకటి పాలిథిన్ కవరు కప్పుకుని పడుకుంది. చెమ్మ పట్టకుండా, కొత్త చెప్పుల డబ్బాల్లో దొరికే తెల్ల పొట్లాలు దాని చుట్టూ పేర్చింది. పెట్టె నుంచి రెండు కేబుళ్లు ఫ్రీజర్ పక్కన చేసిన రంధ్రంలోంచి బయటికొచ్చి బల్ల మీది యంత్రాల్లోకి పోతున్నాయి, ఒకటి దానికి కరెంటివ్వడానికి, రెండోది అది ఏమంటుందో వినడానికి. చలి అల్యూమినియం దాటి, బోర్డు దాటి, ఆవగింజంత ట్రాన్సిస్టర్ కడుపులోకి పాకాలంటే గంటయినా కావాలి. తొందరపడి ముందే కరెంటిస్తే అది బుద్ధిమంతురాలిలా కూర్చుని మోసం చేస్తుంది, చలెక్కితేనే దాని పొగరంతా బయటపడుతుంది. కాబట్టి గంట. ఆ తర్వాత స్విచ్చు వేస్తే తెలిసిపోతుంది, పాడుతుందా పాడదా. పాడితే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, పెట్టె తీసి సొరుగులో పడేసి ఇంటికి పోవచ్చు. పాడకపోతే మాత్రం విద్యాసాగర్‌కు ఫోన్ చేయాలి. పొద్దున సోల్డరింగ్ ఐరన్ చల్లారుతుండగా తనతో తానే వేసుకున్న పందెం ఇది. ఎవరూ వేయమనలేదు, సాక్షి కూడా లేడు, అయినా మాట మాటే. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు.

పాడటం అన్నది ఈ ల్యాబులో పుట్టిన మాట. ఆ పెట్టె ఉద్యోగమే గోరంతను కొండంత చేయడం. ఎక్కడో మబ్బుల్లో తిరిగే విమానం నుంచి వచ్చే, వచ్చిందో లేదో తెలియనంత సన్నటి సంకేతాన్ని అందుకుని, పెంచి, వెనకున్న యంత్రాలకు అందించాలి. ఎన్ని రెట్లు పెంచితే అంత గెయిన్, అంత గొప్ప. కానీ బాగా పెంచే ప్రతిదానికీ ఒక జబ్బుంటుంది. తన గొంతు తన చెవినే పడిందంటే అది ఇంకెవరో మాట్లాడారనుకుని దాన్నీ పెంచుతుంది, పెంచిన దాన్ని మళ్లీ విని ఇంకా పెంచుతుంది, అలా పెంచుకుంటూ పోయి చివరికి బయట నుంచి ఎవరూ పల్లెత్తు మాట అనకపోయినా తనంతట తానే ఒకే స్వరం పట్టుకుని గీపెడుతుంది. తెర మీద అడుగున గడ్డిలా కదులుతుండాల్సిన గీతలోంచి ఒక్కచోట తాటిచెట్టు నిటారుగా లేస్తుంది. పుస్తకాల్లో దానికి వేరే పేరుంది. విద్యాసాగర్ మాత్రం మొదటిసారి చూసినప్పుడే “రూత్, నీ పెట్టె పాడుతున్నది” అన్నాడు, ఆ మాటే నిలిచిపోయింది. దాంతో తిప్పలూ వచ్చాయి. ఈ కంపెనీ యజమాని శ్రీపాల్ సార్ ఒకసారి ఆదిభట్లలో పెద్ద కంపెనీ వాళ్ల ముందు కూర్చుని ఫోన్ చేస్తే, ఈమె పాడింది సార్ అంది, ఆయన పాడైంది అని విన్నాడు. అక్కడే ముఖం పాలిపోయి, వాళ్లకు వందసార్లు క్షమాపణ చెప్పుకుని వచ్చి, “ఖరాబైతె ఖరాబైందని చెప్పుండ్రి, లేకుంటె సప్పుడు జేయకుండ్రి. గీ పాటలేంది నడిమిట్ల” అని అందరినీ కలిపి తిట్టాడు. విద్యాసాగర్ నవ్వాపుకోలేక బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి చాలాసేపు లేవలేదు. అది తలచుకుంటే ఆమెకిప్పటికీ నవ్వొస్తుంది, కానీ ఖాళీ గదిలో ఒక్కతే నవ్వితే ఎలా వినిపిస్తుందో తెలుసు కాబట్టి నవ్వలేదు.

గది నిజంగానే ఖాళీ. ఈరోజు నిమజ్జనం. కింద ఎరువుల దుకాణం షట్టరు దించేసి ఉంది, సాగర్ రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి, ఇబ్రహీంపట్నం మొత్తం పెద్దచెరువు వైపు కదులుతోంది. సెలవు రోజు ల్యాబులో ఎవరుంటారన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరి చూపులూ మెల్లగా ఈమె వైపు తిరుగుతాయి, రూత్‌కు పండుగ లేదు కదా అని. అందులో ఎవరికీ ఏ దురుద్దేశమూ ఉండదు, మర్నాడు ఉండ్రాళ్లు, పులిహోర తెచ్చి ముందు ఆమెకే పెడతారు. పండుగ వాళ్లది, సెలవు ఆమెది, ఆ సెలవు ఏం చేసుకోవాలో తెలియనిదీ ఆమే. పొద్దున ఇంటివాళ్ల సుశీల టీవీ ముందు కూర్చుని, “కూసో రూత్, బాలాపూర్ లడ్డు ఎవలకు వస్తదో సూద్దం” అని కుర్చీ లాగింది. కూర్చుంది, కుర్చీ అంచు మీద, అతిథులు కూర్చున్నట్టు. వేలంలో ఎవరో చెయ్యెత్తారు, సుశీల, ఆమె కోడలు, పక్కింటివాళ్లు అందరూ ఒక్కసారే హో అన్నారు, తను ఒక్క క్షణం ఆలస్యంగా అంది. ఆ ఒక్క క్షణమే ఎప్పుడూ. పనుంది అక్కా అని లేచి వచ్చేసింది. ఇక్కడ కనీసం వాచ్‌మన్ బాలరాజ్ ఉంటాడనుకుంటే, పెద్దాయన ఇందాకే మెట్లెక్కి వచ్చి తల గోక్కున్నాడు. “మేడం, జర గణపతిని జూసి వస్త. గేటు మీద జర కన్నేస్తవా.” పోయి రా అన్నా అంది. ఇప్పుడు ఈ బిల్డింగులో ఊపిరి పీల్చేది తనొక్కతే, గుర్రుమనేది ఫ్రీజర్. మామిడి బారు, కప్పు ఐస్ బొమ్మలు వెలిసిపోయి దాని ఒంటి మీద ఇంకా ఉన్నాయి. అసలైన చలియంత్రం కొనే తాహతు లేక శ్రీపాల్ సార్ ఎక్కడో మూతపడిన ఐస్‌క్రీమ్ దుకాణం నుంచి దీన్ని ఆటోలో వేయించుకుని వచ్చాడు. మొదటి వారం అందరూ దాని మూత తెరిచి ఆశగా చూసేవాళ్లు.

దూరంగా డీజే మొదలైంది, ఇంకా చౌరస్తా దగ్గరే ఉన్నట్టుంది, పాట తెలియడం లేదు, నేల మాత్రం అదురుతోంది. మధ్యలో ఎవరో మైకు అందుకుని ఏదో చెప్పబోతే అది కుయ్యిమని అరిచింది. ఆ అరుపు ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మహేశ్వరం పక్కన వాళ్ల ఊరి చర్చిలో, రేకుల కప్పు కింద, బాపు పాట ఎత్తుకోగానే మైకు అలాగే కూత పెట్టేది. బాపు, ఆమె తండ్రి దానియేలు, ఊరందరికీ పాటల దానియేలు, కంగారుపడి మైకు మూతి మీద అరచెయ్యి పెట్టి గట్టిగా మూసేవాడు, ఏడ్చే పిల్ల నోరు మూసినట్టు. అది ఇంకా ఎక్కువ అరిచేది. ఆయన ఇంకా గట్టిగా మూసేవాడు. ఆడవాళ్లు కొంగులు చెవులకు అడ్డం పెట్టుకునేవాళ్లు. ఒక ఆదివారం ఈమె, అప్పటికి పొట్టి జడల పిల్ల, లేచి ముందుకు పోయి, “బాపూ, చెయ్యి తియ్యి. నువ్వు మూస్తెనే అది అరుస్తున్నది” అంది. తీశాడు. ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో ఆమెకప్పుడు తెలియదు, ఊరికే చూసీ చూసీ కనిపెట్టింది, ఆ ఎందుకు కోసమే ఇంత చదువూ చదివింది. తన మాట తన చెవిలో పడితే అరిచేది మైకొక్కటే కాదని తర్వాత అర్థమైంది. బాపు ఇప్పుడు తమ్ముడు వినోద్ దగ్గర ఉంటాడు, ఉంటాడన్న మాటే కానీ ఏ రోజూ ఇంట్లో ఉండడు, సాయంత్రమైతే ఒక ఊళ్లో ప్రార్థన, ఇంకో ఊళ్లో కూటం, ఆ వయసులో ఆయనకున్నంత మంది తన వయసులో తనకు లేరు. ఫోన్ చేస్తే, “కూటంల ఉన్న బిడ్డా, మల్ల మాట్లాడుత” అంటాడు. రోజుకొక బైబిల్ వాక్యం మాత్రం తన గొంతుతోనే చదివి పంపుతాడు. కూతురు వింటుందో లేదో అడగడు, పంపడమే ఆయనకు తెలుసు. ఆమె అన్నీ వింటుంది, వంట చేస్తూ, రెండేసి సార్లు.

చెయ్యి తియ్యి అని బాపుతో అన్నది. చెయ్యి గురించి ఇంకొకరితోనూ అన్నది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు, పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆరేళ్లు ఒకే బల్ల. విద్యాసాగర్ కందుకూరు వైపు రైతుల బిడ్డ, పొలాలన్నీ ప్లాట్లయిపోయినా ఇంకా వానపడితే కిటికీలోంచి మబ్బును లెక్కగట్టే రకం. లెక్కలు ఈమెవి, బోర్డు గీసేది అతను. పోయిన చలికాలమంతా ఈ పెట్టె మీదే కూర్చున్నారు. మూత పెట్టి స్క్రూలన్నీ బిగించి, మళ్లీ ఏదో మార్చడానికి విప్పి, మళ్లీ బిగించే సరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని, అతను మూతను ఊరికే పైన పెట్టి ఎడమ చేత్తో నొక్కి పట్టుకునేవాడు. కుడిచేత్తో మీటలు తిప్పేవాడు. ఈమె పక్కనే నిలబడి తెర చూసేది. అతని మోచెయ్యి ఆమె మోచేతికి తగిలీ తగలనట్టుండేది, ఇద్దరూ దాని సంగతి ఎత్తేవాళ్లు కాదు. తెర మీద గెయిన్ చూసి ఆమె పొంగిపోయేది. ఇంత చిన్న పెట్టెలో అంత గెయిన్ రాబట్టినవాళ్లు ఆమెకు తెలిసి లేరు, శ్రీపాల్ సార్ వచ్చినవాళ్లందరికీ చూపించుకునేవాడు. ఒక్కసారి కూడా పాడలేదు. ఆ చలికాలంలో తను సంతోషంగా ఉన్నానని ఆమెకు ఆ చలికాలం అయిపోయాకే తెలిసింది.

పెట్టెను కొనేవాళ్లకు పంపించాల్సిన రోజు దగ్గరపడి, మొదటిసారి స్క్రూలన్నీ బిగించారు. పాడింది. అలా ఇలా కాదు, తాటితోపే మొలిచింది. విప్పి, చేత్తో నొక్కితే నోరు మెదపదు. బిగిస్తే గీపెడుతుంది. మూసిన డబ్బాలో దాని గొంతు గోడలకు కొట్టుకుని తిరిగి దాని చెవికే చేరుతోంది. మూత కింద సందున్నప్పుడు కొంత బయటికి పోయేది, కొంత అతని చెయ్యి మింగేసేది. “నా చెయ్యి ఉండవట్టి ఊకున్నది, రూత్” అన్నాడు విద్యాసాగర్, తన అరచెయ్యిని తిప్పి చూసుకుంటూ. “ఒక రెసిస్టర్ పెడుదం. జరంత గెయిన్ పోతది, పోనీ. మూత పెట్టినా తీసినా, చలైనా ఎండైనా నిలకడగ ఉంటది.” రెసిస్టర్ చేసేదేముంది, వచ్చినదాంట్లో కొంత మింగి వేడి చేసి గాలికి వదిలేయడం, అంతకు మించి పనీపాటా లేని వస్తువు. తను పైసాపైసా కూడబెట్టినట్టు పోగేసిన గెయిన్‌ను తీసుకెళ్లి దాని నోట్లో పోయమంటున్నాడు. వద్దంది. అతను మళ్లీ చెప్పాడు, శ్రీపాల్ సార్ ముందు, అందరి ముందు, నెమ్మదిగా, అర్థం కానివాళ్లకు చెప్పినట్టు. అప్పుడు అంది. “నువ్వు చెయ్యి పెడ్తె ఏదైనా పాడైతది.” అతను చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు, దానికేదో అంటినట్టు. “నిజం నిలకడ మీద తెలుస్తదిలే” అని మాత్రం అన్నాడు. ఆ నెల తిరక్కుండానే ఆదిభట్లలో పెద్ద కంపెనీలో చేరిపోయాడు. పొద్దునపూట వాళ్ల కంపెనీ బస్సు ఈ రోడ్డు మీదుగానే పోతుంది, కిటికీలకు నల్ల అద్దాలు, లోపల ఎవరున్నదీ తెలియదు.

కోపం రెసిస్టర్ మీద కాదు. ఈ సంగతి ఆమెకు అప్పుడే తెలుసు, ఒప్పుకోవడానికే ఇంత కాలం పట్టింది. అంతకు ముందు వారం, టీ తాగుతూ, గ్లాసులోకి చూస్తూ, “మా అమ్మ సంబంధాలు సూస్తున్నది” అన్నాడు. అని ఆగాడు. ఆ ఆగడం చిన్నది కాదు. టీ మీద మీగడ కట్టేంత సేపు ఆగాడు. అతనేదో అడగాలని ఈమె చూసింది, ఈమె ఏదో అనాలని అతను చూశాడు, వాళ్లమ్మ, వాళ్ల ఊరు, వీళ్ల చర్చి, బాపు పాటలు, అన్నీ వచ్చి ఆ ఇద్దరి మధ్యా బల్ల మీద కూర్చున్నాయి. “మంచిదే గద” అంది ఈమె. “అవ్, మంచిదే” అన్నాడు అతను. ఇద్దరూ గ్లాసులు కడిగి పెట్టారు. ఒక్క చేత్తో చప్పట్లు మోగవు, సరే, రెండు చేతులున్నా ఎవరి చెయ్యి వాళ్లే జేబులో పెట్టుకుంటే ఏం మోగుతుంది. శ్రావణంలో పెళ్లయింది. కార్డు ఫోనులో వచ్చింది, ఆఫీసు గ్రూపులోకి, అందరితోపాటు. నందిని వెడ్స్ విద్యాసాగర్. అందరూ పువ్వులు పెడుతుంటే ఈమె రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది, అది దండమో దీవెనో చూసినవాళ్ల ఇష్టం. పెళ్లికి పోలేదు.

పోకపోవడం వల్ల పెళ్లి ఆగదు, మాట కూడా ఆగదు. సాయంత్రం ఇంటికి పోయి తలుపు గడియ పెట్టగానే ఆ మాట మొదలవుతుంది. నువ్వు చెయ్యి పెడ్తె. గిన్నె కడుగుతుంటే ఒకసారి, బట్టలు మడతపెడుతుంటే ఒకసారి, మొదట సన్నగానే వస్తుంది, గోడలకు తగిలి ఇంకాస్త గట్టిగా వస్తుంది, అలా అనకుండా ఉంటే అతనేమనేవాడు, అతనలా అంటే తనేమనేది, తనకు తానే ఇద్దరి మాటలూ మాట్లాడుకుని, చివరికి ఒకరోజు స్టవ్ ముందు నిలబడి గట్టిగా పైకే అనేసి ఉలిక్కిపడింది. సుశీల కిందనుంచి, “ఎవలొచ్చిన్రు రూత్?” అని అడిగింది. ఎవరూ లేరక్కా, ఫోనులో మాట్లాడుతున్నా అంది. ఎంత తొందరగా వచ్చింది ఆ అబద్ధం. అమ్మ బతికుండగా తనని ఒంటికాయ శొంఠికొమ్ము అని వెక్కిరించేది, ఎవరితోనూ ఆడుకోదని. అప్పుడది ముద్దుగానే ఉండేది. ఆమెకిప్పుడు ఒంటరితనం బాధగా ఉంది, అంతే, దానికి ఇంకో పేరేమీ లేదు. ఎవరైనా వచ్చి కాసేపు పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకపోయినా సరే, తన మాట తనకే తిరిగి రాకుండా మధ్యలో కొంత వినేస్తే చాలు.

ఈ పొద్దున మూత విప్పి, రెసిస్టర్ ఎక్కడ పెట్టాలా అని భూతద్దం కింద బోర్డు చూసింది. పెట్టాలనే వచ్చింది, ఎవరూ లేని రోజు చూసుకుని, దొంగలా. శ్రీపాల్ సార్ ఇంకెవరికైనా ఈ పని అప్పజెప్పాలని చూస్తున్నాడు, అది ఒక సాకు. బోర్డు మీది రాగి గీతలను గీకి, జాగా చేసి, ఎలాగో అతికించాలనుకుంది. ట్రాన్సిస్టర్ పక్కన, సరిగ్గా ఉండాల్సిన చోట, రెండు వెండి చుక్కలు కనిపించాయి. మధ్యలో ఖాళీ. చలికాలమంతా ఈ బోర్డును చూసింది, ఆ చుక్కలనూ చూసే ఉంటుంది, ఏదో మిగిలిపోయిన జాగా అనుకుంది. మిగిలిపోయింది కాదు, విడిచిపెట్టింది. బోర్డు గీసిన రోజే అతను ఇక్కడొక రెసిస్టర్‌కు చోటు ఉంచాడు, రూత్ ఇప్పుడు ఒప్పుకోదు, ఎప్పటికైనా అవసరమొస్తుందని. చెప్పలేదు. చెప్తే గొడవ పెట్టుకుంటుందని తెలుసు. రెసిస్టర్ దానిలో అతికినట్టు కూర్చుంది, సోల్డరు మెరిసి చల్లారింది. ఆమె చాలాసేపు భూతద్దంలోంచి తల ఎత్తలేదు. ఆ తర్వాతే పందెం వేసుకుంది.

ఊరేగింపు ఇప్పుడు సరిగ్గా కిందకొచ్చింది. కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. పొడవాటి గణపతి, కిరీటానికి తీగలు తగులుతాయని కరెంటోళ్లు లైను తీసేశారు, లైట్లు పోయాయి, ఫ్యాను ఆగింది, ఫ్రీజర్ గుర్రుమనడం మానేసింది. బల్ల మీది యంత్రాలు మాత్రం యూపీఎస్ మీద బతికున్నాయి. చలి ఎక్కడికీ పోదులే, మూత తీయకపోతే చాలు. ఫ్రీజర్ చప్పుడు ఆగాక కానీ అది ఇంతసేపూ తనకు తోడుందని తెలియలేదు. కింద పిల్లలు, పెద్దలు, గులాల్ మొహాలు, ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి. కిటికీ దగ్గర నిలబడి ఆమె తన మనసును అడిగింది, నీకేం కావాలి. పొద్దున పాడాలని ఉండింది. పాడితే అతని రెసిస్టర్ ఉత్తదే, అతని మాటా ఉత్తదే, తను అన్నదాంట్లో తప్పు లేదు, ఫోన్ చేసే పనీ లేదు. గంట గడిచేసరికి ఆ కోరిక ఎక్కడికి పోయిందో కనబడలేదు. పాడొద్దు అనుకుంది. ఒక్కసారి అతని మాట నిజం కానీ. ఫోన్ చేతిలోకి తీసుకుని, అతని పేరు తెర మీదికి తెచ్చి పెట్టుకుని, రెండో చేత్తో స్విచ్చు వేసింది.

గడ్డి మొలిచింది. పచ్చటి గీత అడుగున పాకుతూ పాకుతూ పోతోంది, ఆమె ఊపిరి తీసుకునేలోపు అందులోంచి నిటారుగా ఒకటి లేచింది. తాటిచెట్టు. పాడింది. అయిపోయింది. గెలిచానన్న మాట మనసులోకి వచ్చింది కానీ నిలవలేదు, దాని వెనకే ఏడుపొచ్చింది, స్టూలు మీద కూర్చుని, ఎవరూ లేరు కదా అని, కళ్లు తుడుచుకోకుండానే ఏడ్చింది. ఇన్నాళ్ల తర్వాత అతనికి చెప్పడానికి దొరికిన ఒకే ఒక్క మాట కూడా పోయింది. కన్నీళ్లలోంచి చూస్తే ఆ చెట్టు వణికింది. వణకడం కాదు, పోయింది. మళ్లీ లేచింది. మళ్లీ పోయింది. ముక్కు తుడుచుకుని దగ్గరికి జరిగింది. అది పాడే చోటు ఇది కాదు, ఈ చెట్టు ఎక్కడో ఎడంగా, వేరే పొలంలో మొలిచింది. పెట్టె పాడితే ఇలా ఆగి ఆగి పాడదు, గుక్క తిప్పుకోదు. అప్పుడు చేతిలో ఫోన్ గుర్రుమంది. బాపు. ఈరోజు వాక్యం. ల్యాబులోకి వచ్చేవాళ్లు ఫోన్లు తలుపు దగ్గరి బిస్కెట్ డబ్బాలో పెట్టి రావాలని నియమం, ఫోను టవర్‌తో మాట్లాడిన ప్రతిసారీ కేబుల్‌లో దూరి తెర మీద కనిపిస్తుందని, ఆ నియమం పెట్టింది విద్యాసాగరే, ఎవరు మరిచినా బల్ల గుద్ది మరీ తిట్టేవాడు. కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు. పదిహేనేళ్ల అనుభవం ఉండీ, ఫోను చేతిలో పట్టుకుని చేసింది తను. బాపు గొంతు తాటిచెట్టై లేచిందా అనుకుని ఈసారి గట్టిగానే నవ్వింది. పోయి ఫోను డబ్బాలో పెట్టి, మూత నొక్కి, వచ్చి చూసింది. గడ్డి. అటు చివర నుంచి ఇటు చివర దాకా ఒట్టి గడ్డి. కరెంటు తగ్గించింది, పెంచింది, కేబుల్ కదిపింది, పెట్టెకు కోపం తెప్పించడానికి తనకు తెలిసిన విద్యలన్నీ చేసింది. పాడలేదు.

మళ్లీ డబ్బా దగ్గరికి పోయి, తలుపు అవతల మెట్ల మీద నిలబడి ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది. ఎత్తగానే ముందు డప్పులు వినిపించాయి, ఆ తర్వాత అతని గొంతు.

“రూత్? ఆగు, వినిపిస్తలేదు. ఆగు, ఇటు వస్తున్న.” డప్పులు కొంచెం కొంచెంగా దూరమయ్యాయి. “ఆఁ, ఇప్పుడు చెప్పు.”

“పాడలే” అంది.

“మూత పెట్టినవా?”

“పెట్టిన. స్క్రూలన్ని బిగించిన. ఫ్రీజర్‌ల గంట పెట్టిన.”

“రెసిస్టర్ యాడ పెట్టినవ్?”

“నువ్వు ఇడిసిన జాగల్నే.”

“సూశినవా దాన్ని” అన్నాడు, చాలా నెమ్మదిగా.

“ఇయ్యాలనే సూశిన.”

అతని పక్కకు ఎవరో వచ్చినట్టున్నారు, గాజుల చప్పుడు, ఎవరు ఫోన్ల అని ఒక ఆడగొంతు. అతను నోరు పక్కకు తిప్పి, “పాత ఆఫీసోళ్లు” అన్నాడు. ఆఫీసోళ్లు. అంతమందీ తను ఒక్కతే అయింది. మళ్లీ ఫోనులోకి వచ్చి అడిగాడు, “గెయిన్ ఎంత పోయింది?”

పొద్దున కొలిచిన అంకె ఆమెకు చుక్క తర్వాతి అంకెతో సహా గుర్తుంది. “జరంత” అంది.

“జరంత పోతే ఏమైతది, రూత్. నిలకడ వచ్చింది గద.”

“అవ్” అంది.

“సాగర్, ఆ దినం నీ చెయ్యి” అని మొదలుపెట్టింది. అవతల ఒక్కసారిగా డీజే పేలింది, జనం అరుపులు. “ఏమన్నవ్?” అన్నాడు. “ఏమన్నవ్ రూత్, వినిపియ్యలే.” ఏం లేదంది. గణపతిని ఎత్తుతున్నరు, పోవాలె అన్నాడు. పో అంది. ఫోన్ పెట్టేశాక కూడా డప్పులు వినిపిస్తుంటే ఇంకా లైన్లోనే ఉన్నాడేమో అనుకుంది. అవి కింద రోడ్డు మీదివి.

కరెంటొచ్చింది. ఫ్రీజర్ తనకు తానే ఒళ్లు విరుచుకుని గుర్రుమంది. ఫోను డబ్బాలో పెట్టి వచ్చి, ఆమె ఫ్రీజర్ మూత ఎత్తింది, తెల్లటి పొగ చేతుల మీదుగా జారింది. పాలిథిన్ కవరు మీది నుంచే పెట్టె మూతను, అతను పట్టుకున్న చోటే, నాలుగు వేళ్లూ అరచెయ్యీ ఆనేలా నొక్కింది. మూత ఏమాత్రం వదులుగా ఉన్నా, లోపల ఏమాత్రం గుబులున్నా, ఇలా నొక్కగానే గీత ఉలిక్కిపడుతుంది. తెర వైపు చూసింది. గీత కదలలేదు. చెయ్యి తీసింది. కదలలేదు. ఇంత కాలం కోరుకున్నది ఇదే, మంచి పెట్టె అంటే ఇదే, ఎవరు పట్టుకున్నా పట్టుకోకపోయినా ఒక్కలాగే ఉండాలి. ఇక దానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. ఆమె మళ్లీ చెయ్యి లోపల పెట్టింది, అదే చోట. చలి వేళ్ల చివరలు కొరికి, మణికట్టు దాకా పాకి, కాసేపటికి నొప్పి కూడా తెలియకుండా పోయింది. కింద గేటు చప్పుడైంది, మెట్ల మీద బాలరాజ్ చెప్పులు, “మేడం, పులిహోర తెచ్చిన నీ కోసం, వేడిగున్నది, రా” అని కేక. “వస్తున్న అన్నా” అంది, చెయ్యి మాత్రం తీయలేదు.